మరుగుజ్జు గెలాక్సీలోని గ్యాస్‌ని దాని ఇరుగుపొరుగు ఏం చేసిందో ఇంట్లోనే లెక్కగట్టడం ఎలా?

"ఫలానా చిన్న గెలాక్సీలో హైడ్రోజన్ గ్యాస్ లేదట. పక్కనున్న పెద్దది లాగేసిందని రాసేయొచ్చా?" ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేస్తున్నవాళ్లు, ఉద్యోగం చేసుకుంటూ సరదాగా ఖగోళశాస్త్రం చదువుకుంటున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. రాయొచ్చు. కానీ ముందు అదే బరువున్న, ఒంటరిగా బతుకుతున్న మరుగుజ్జుల్లో ఎంత గ్యాస్ ఉంటుందో మీకు తెలిసి ఉండాలి, గ్యాస్ నిజంగానే లేదా లేక మన టెలిస్కోప్‌కి అందలేదా అన్నది కూడా తేల్చుకుని ఉండాలి. ఈ రెండూ చేయకుండా రాసిన వాక్యం ఊహ మాత్రమే. మంచి విషయమేమిటంటే ఈ రెండింటికీ కావాల్సిన డేటా మొత్తం ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్ చాలు, రెండు మూడు వారాంతాలు కూర్చుంటే పని అయిపోతుంది.

నేను ఇక్కడ కన్య రాశి దిశలో ఉన్న వర్గో క్లస్టర్‌ని (క్లస్టర్ అంటే గెలాక్సీల పెద్ద గుంపు) ఉదాహరణగా తీసుకుంటున్నాను. మనకు దగ్గర్లో ఉన్న పెద్ద క్లస్టర్ అదే, దూరం సుమారు 16.5 మెగాపార్సెక్‌లు, అంటే 5.4 కోట్ల కాంతి సంవత్సరాలు.

కావాల్సినవి

ఒక ల్యాప్‌టాప్, నెట్, పట్టికలు తెరిచి గ్రాఫులు గీయడానికి టాప్‌క్యాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ (జావా ఉంటే చాలు, కోడింగ్ రాకపోయినా పర్లేదు). లెక్కలకి ఎక్సెల్ లాంటిది ఏదైనా.

అల్ఫాల్ఫా సర్వే పట్టిక. అరెసిబోలోని 305 మీటర్ల డిష్‌తో చేసిన సర్వే ఇది, 2018లో పూర్తి పట్టిక వచ్చింది, దాదాపు 31,500 హైడ్రోజన్ మూలాలు ఉన్నాయి. ఆ డిష్ 2020 డిసెంబర్‌లో కూలిపోయింది, డేటా మాత్రం మనకి మిగిలింది. విజియర్ అనే ఆన్‌లైన్ ఖగోళ పట్టికల సైటులో పేరు కొట్టి వెతికితే దొరుకుతుంది. దీనికే స్లోన్ అనే ఆకాశ ఫోటోల సర్వేలో కొలిచిన ప్రకాశాల్ని (ఫోటోమెట్రీ) జతచేసిన ఇంకో పట్టిక 2020లో వచ్చింది, అందులో నక్షత్రాల బరువు కూడా ఉంటుంది, అది కూడా దించుకోండి.

వర్గో క్లస్టర్ కేటలాగ్, అంటే వీసీసీ. 1985 నాటిది, ఫోటో ప్లేట్ల మీద కళ్లతో చూసి చేసిన జాబితా, రెండువేలకి పైగా గెలాక్సీలు. పాతదే, అయినా ఇది లేకుండా 6వ మెట్టు కుదరదు. ఇవికాక, పెద్ద గెలాక్సీల కోసం టూమాస్ ఇన్‌ఫ్రారెడ్ రెడ్‌షిఫ్ట్ పట్టిక.

1. ముందు మన ఇంటి పక్కనే చేతితో చేసి చూడండి

కంప్యూటర్ తెరవకముందే ఒక కాగితం మీద మన పాలపుంత చుట్టూ ఉన్న మరుగుజ్జుల పేర్లు, దూరం, గ్యాస్ ఉందా లేదా అని మూడు గడులు గీయండి. డ్రాకో 76 కిలోపార్సెక్‌లు (ఒక్కోటి సుమారు 3,260 కాంతి సంవత్సరాలు), గ్యాస్ కనబడలేదు. స్కల్ప్టర్ 86, కనబడలేదు. ఫోర్నాక్స్ 140, కనబడలేదు. లియో 1 సుమారు 255, కనబడలేదు. ఇక లియో టీ. దూరం సుమారు 420, దాంట్లో మాత్రం సూర్యుడి బరువుకి కొన్ని లక్షల రెట్ల హైడ్రోజన్ ఉంది. గమనించండి, నక్షత్రాల బరువులో లియో టీ కంటే లియో 1 పదుల రెట్లు పెద్దది. బరువైనదానికి గ్యాస్ లేదు, దూదిపింజ లాంటిదానికి ఉంది. తేడా అంతా ఎక్కడున్నాయన్నదాంట్లోనే. పాలపుంతకి గానీ ఆండ్రోమెడాకి గానీ 270 కిలోపార్సెక్‌ల లోపు ఉన్న చిన్న మరుగుజ్జుల్లో గ్యాస్ దాదాపుగా ఎక్కడా దొరకదు. ఈ ఒక్క కాగితం చూసే నేను ఈ విషయంలో పడ్డాను, ఇప్పటికీ చూస్తే ఒళ్లు జలదరిస్తుంది.

అదే కాగితం మీద రెండు మినహాయింపులు కూడా రాసుకోండి. మాజెల్లాన్ మేఘాలు 50, 62 కిలోపార్సెక్‌ల దగ్గర ఉన్నా గ్యాస్‌తో నిండి ఉన్నాయి, ఎందుకంటే అవి బరువైనవి, గ్యాస్‌ని పట్టి ఉంచుకోగలవు (పూర్తిగా కాదు, మాజెల్లానిక్ స్ట్రీమ్ అనే పొడుగాటి తోక వాటినుంచి ఊడిపోయిన గ్యాసే). అటు పక్కన టుకానా, సీటస్ మరుగుజ్జులు 750 కిలోపార్సెక్‌లకు పైగా దూరంగా ఒంటరిగా ఉన్నాయి, అయినా గ్యాస్ లేదు. ఇవి ఎప్పుడో ఒకసారి పెద్ద గెలాక్సీ దగ్గరకి వచ్చి బయటకి వెళ్లిపోయినవి కావచ్చు. కాబట్టి "ఇప్పుడు దూరం" అన్నది "ఎప్పుడూ దూరం" అని కాదు. తర్వాత చేసే ప్రతి మెట్టులో ఈ రెండు మినహాయింపులూ గుర్తుంచుకోండి.

2. హైడ్రోజన్ బరువు కట్టడం, తెలిసిన జవాబుతో సరిచూసుకోవడం

హైడ్రోజన్ 21 సెంటీమీటర్ల రేడియో తరంగంలో మెరుస్తుంది. ఆ మెరుపు మొత్తాన్ని ఫ్లక్స్ అంటాం, పట్టికలో జాన్‌స్కీ కిలోమీటర్/సెకను అనే ప్రమాణంలో ఉంటుంది. సూత్రం ఒకటే:

హైడ్రోజన్ బరువు = 2,35,600 × దూరం × దూరం × ఫ్లక్స్

దూరం మెగాపార్సెక్‌లలో, జవాబు సూర్యుడి బరువులలో. లియో పీ అనే మరుగుజ్జు మీద వేసి చూడండి. 2013లో ఈ అల్ఫాల్ఫా సర్వేలోనే దొరికింది, దూరం 1.62, ఫ్లక్స్ సుమారు 1.31. మీకు దాదాపు 8.1 లక్షల సూర్యులు రావాలి. రాలేదంటే దూరాన్ని వర్గం చేయడం మరిచిపోయారు, లేదా మిల్లీజాన్‌స్కీలని జాన్‌స్కీలు అనుకున్నారు. ఈ రెండు కాకుండా మూడో తప్పు నేనింతవరకు చూడలేదు.

లియో పీలో నక్షత్రాల బరువు సుమారు 5.6 లక్షల సూర్యులు. అంటే నక్షత్రాల కంటే గ్యాసే ఎక్కువ, సుమారు ఒకటిన్నర రెట్లు. ఒంటరి మరుగుజ్జులకి ఇది మామూలే. పాలపుంత లాంటి పెద్ద గెలాక్సీలో గ్యాస్ నక్షత్రాల బరువులో చిన్న వాటా మాత్రమే కాబట్టి, దాంతో మరుగుజ్జుని పోల్చి "దీంట్లో గ్యాస్ బోలెడుంది" అనేయకండి, అది నక్కకీ నాకలోకానికీ పెట్టిన పోలిక.

3. పట్టికని కడగడం

టాప్‌క్యాట్‌లో అల్ఫాల్ఫా పట్టిక తెరవండి. ప్రతి వరసకీ కోడ్ 1 లేదా 2 అని ఉంటుంది. కోడ్ 1 అంటే సిగ్నల్ గట్టిగా ఉన్నవి. కోడ్ 2 అంటే సిగ్నల్ బలహీనం, కానీ ఆ గెలాక్సీ మననుంచి దూరంగా జరిగే వేగం కాంతిలో కొలిచినదానితో సరిపోయింది కాబట్టి ఉంచినవి. సగటులు, శాతాలు కట్టేటప్పుడు కోడ్ 1 మాత్రమే వాడండి.

వేగం సెకనుకు 100 కి.మీ. కంటే తక్కువ ఉన్నవాటిని పక్కన పెట్టండి. అక్కడ మన పాలపుంత సొంత హైడ్రోజన్ కలిసిపోతుంది. తీసేయమనడం లేదు, వేరే షీటులో ఉంచండి, వర్గో సభ్యుల్లో కొన్నిటి వేగం నిజంగానే అంత తక్కువ.

అరెసిబో చూపు మసకది, ఒక్కో చూపులో సుమారు 3.5 ఆర్క్‌మినిట్ల వెడల్పు మొత్తం కలిసి వస్తుంది. వర్గో దూరంలో అది దాదాపు 17 కిలోపార్సెక్‌లు. ఆ వెడల్పులో, దగ్గరి వేగంతో ఇంకో గెలాక్సీ ఉంటే గ్యాస్ ఎవరిదో తేలదు. మీ తుది జాబితాలోని ప్రతి మరుగుజ్జునీ స్లోన్ లేదా లెగసీ సర్వే ఫోటోల్లో ఒక్కసారి కళ్లతో చూడండి. విసుగ్గానే ఉంటుంది, వంద గెలాక్సీలకి ఒక సాయంత్రం పడుతుంది, అయినా చూడండి. ఒకే గెలాక్సీని కంప్యూటర్ నాలుగు ముక్కలుగా లెక్కేసిందన్న సంగతి కూడా అక్కడే బయటపడుతుంది. అలా ముక్కలైతే నక్షత్రాల బరువు తక్కువ వచ్చి గ్యాస్ వాటా అబద్ధంగా పెరిగిపోతుంది.

4. నక్షత్రాల బరువు

2020 పట్టికలో ఉంటే అదే వాడండి. లేనివాటికి ఈ సూత్రం (జీ, ఐ అంటే స్లోన్ ఫోటోల్లోని రెండు రంగు ఫిల్టర్లు, నిరపేక్ష మాగ్నిట్యూడ్ అంటే దూరం ప్రభావం తీసేశాక మిగిలే అసలు ప్రకాశం):

లాగ్ బరువు = 1.15 + 0.70 × (జీ − ఐ రంగు) − 0.4 × (ఐ బ్యాండ్ నిరపేక్ష మాగ్నిట్యూడ్)

ఉదాహరణకి రంగు 0.5, నిరపేక్ష మాగ్నిట్యూడ్ −15 అయితే 1.15 + 0.35 + 6 = 7.5, అంటే మూడు కోట్ల సూర్యులకి కాస్త ఎక్కువ. వర్గోలో నిరపేక్ష మాగ్నిట్యూడ్ కోసం కనబడే మాగ్నిట్యూడ్ నుంచి 31.09 తీసేస్తే సరి. ఇది లాగ్ అని మరిచిపోకండి, 7.5కీ 8.5కీ మధ్య పది రెట్ల తేడా ఉంది.

ఇక అందరూ టెన్షన్ పడే విషయం దూరం. వర్గోలో వేగాన్ని హబుల్ స్థిరాంకంతో (విశ్వం విస్తరించే రేటు, సుమారు 70) భాగించి దూరం కట్టకండి, ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టకండి. క్లస్టర్ లోపల గెలాక్సీలు ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంటాయి, ఎమ్86 అనే గెలాక్సీ అయితే ఏకంగా మనవైపే సెకనుకు 200 కి.మీ. కంటే ఎక్కువ వేగంతో వస్తోంది, దానికి ఈ లెక్కన దూరం మైనస్‌లో వస్తుంది! ఐసీ 3418 అనే మరుగుజ్జు వేగం సుమారు 175, భాగిస్తే దూరం 2.5 మెగాపార్సెక్‌లు వస్తుంది, అసలు దూరంలో ఆరో వంతు కూడా కాదు, బరువు నలభై రెట్లకి పైగా తప్పుతుంది. క్లస్టర్ సభ్యులందరికీ 16.5 పెట్టండి, ఎవరైనా విడిగా దూరం కొలిచి ఉంటే అది పెట్టండి.

ఒక ఊరట ఉంది. గ్యాస్ బరువు, నక్షత్రాల బరువు రెండూ దూరం వర్గంతోనే పెరుగుతాయి కాబట్టి వాటి నిష్పత్తి దూరం తప్పినా మారదు. మారేది ఆ గెలాక్సీ ఏ బరువు గుంపులో పడుతుందన్నదే. అందుకే నేను ఎప్పుడూ నిష్పత్తితోనే పని చేయమంటాను.

5. ఇరుగుపొరుగుని కొలవడం

"రద్దీ ప్రదేశం" అని రాస్తే కుదరదు, అంకె కావాలి. రెండు అంకెలు తీసుకోండి.

మొదటిది, క్లస్టర్ నడిమధ్యనున్న పెద్ద గెలాక్సీ ఎమ్87 నుంచి ఆకాశంలో కోణ దూరం. టాప్‌క్యాట్‌లోనే దానికి ఫంక్షన్ ఉంది. ఎమ్87 స్థానం 187.706, +12.391 డిగ్రీలు. వర్గో దూరంలో ఒక డిగ్రీ అంటే 288 కిలోపార్సెక్‌లు. క్లస్టర్ ప్రభావం బలంగా ఉండేది సుమారు ఐదున్నర డిగ్రీల లోపు.

రెండోది, క్లస్టర్ సగటు వేగం నుంచి తేడా. సగటు సుమారు 1,100 అనుకోండి. ఐసీ 3418 తేడా 900కి పైనే, అంటే అది క్లస్టర్‌లోని వేడి గ్యాస్‌ని చీల్చుకుంటూ దూసుకుపోతోంది. ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. పాలపుంత చుట్టూ 200 వేగంతో తిరిగే మరుగుజ్జుతో పోలిస్తే, బయటి గ్యాస్ చిక్కదనం ఒకటే అనుకున్నా, 900 వేగంలో ఒత్తిడి ఇరవై రెట్లు.

పోల్చడానికి ఒంటరి మరుగుజ్జులు కూడా కావాలి కదా. టూమాస్ పట్టికలో కే బ్యాండ్ నిరపేక్ష మాగ్నిట్యూడ్ −23 కంటే ప్రకాశవంతమైనవన్నీ "పెద్దలు" అనుకోండి. ఏ పెద్దకీ 1.5 మెగాపార్సెక్‌ల లోపు లేనివి ఒంటరివి. ఈ 1.5 నేను గాల్లోంచి తీసింది కాదు. స్లోన్ డేటా మీద 2012లో వచ్చిన అధ్యయనంలో, 100 కోట్ల సూర్యుల కంటే తక్కువ బరువుండి నక్షత్రాల పుట్టుక ఆగిపోయిన గెలాక్సీలు దాదాపు అన్నీ ఒక పెద్ద గెలాక్సీకి ఈ దూరం లోపే కనబడ్డాయి. ఒంటరివాటిలో ఆగిపోయినవి 0.06 శాతం లోపే.

జాగ్రత్త: ఒంటరివాటిని కూడా 10 నుంచి 25 మెగాపార్సెక్‌ల మధ్యనే ఎంచుకోండి. దూరం పోయేకొద్దీ గ్యాస్ ఎక్కువున్నవే కనబడతాయి, వాటితో పోలిస్తే వర్గో మరుగుజ్జులన్నీ ఉత్తినే పేదవిగా తేలతాయి.

6. లేని వరసల్ని వెతకడం

అసలు పని ఇదే. అల్ఫాల్ఫా గ్యాస్ దొరికినవాటి జాబితా, గ్యాస్ పోగొట్టుకున్న గెలాక్సీలు అందులో ఉండనే ఉండవు. నేను మొదటిసారి చేసినప్పుడు ఈ పట్టిక ఒక్కదానితోనే గ్రాఫ్ గీసి "వర్గోలో గ్యాస్ పెద్దగా తగ్గలేదు" అని రాసుకున్నాను. గ్యాస్ పోయినవాటిని చూడకుండా ఉన్నవాటినే చూస్తే ఇంకేం తేలుతుంది! ఇంటికి తాళాలేసుకుని వలసపోయినవాళ్లని వదిలేసి ఊళ్లో మిగిలినవాళ్లని అడిగి, ఈ ఊళ్లో వలసలే లేవు అని రాసినట్టు.

కాబట్టి వీసీసీ నుంచి మొదలుపెట్టండి. అందులోని మరుగుజ్జులకి అల్ఫాల్ఫాని జతచేయండి. జతచేసేటప్పుడు రేడియో స్థానం కాదు, పట్టికలోనే ఉన్న కాంతి గెలాక్సీ స్థానం వాడండి, 15 ఆర్క్‌సెకన్ల లోపు. రేడియో స్థానం ఇరవై ఆర్క్‌సెకన్ల దాకా తప్పొచ్చు. జత దొరకనివే మనకి కావాల్సినవి, ఎక్కువ భాగం డ్వార్ఫ్ ఎలిప్టికల్స్ (కోడిగుడ్డు ఆకారపు మరుగుజ్జులు) అయి ఉంటాయి.

ఇప్పుడు వీటికి సున్నా రాయకండి. పై హద్దు రాయండి. సర్వే నాయిస్ సుమారు 2.2 మిల్లీజాన్‌స్కీలు, వేగ స్పష్టత 10 కి.మీ., మరుగుజ్జు సిగ్నల్ వేగంలో పరుచుకున్న వెడల్పు 40 కి.మీ. అనుకుందాం. 40 × 10 కి వర్గమూలం 20. 0.0022 × 20 × 6.5 = సుమారు 0.29 (గట్టి సిగ్నల్ అనడానికి ఈ సర్వే పెట్టుకున్న గీత 6.5 రెట్లు). 2వ మెట్టు సూత్రంలో వేస్తే 1.8 కోట్ల సూర్యులు. వర్గోలో దీనికంటే తక్కువ గ్యాస్ ఉంటే అరెసిబోకి కనబడదు.

దీనర్థం చూడండి. 10 కోట్ల సూర్యుల నక్షత్రాలున్న మరుగుజ్జు ఒంటరిగా ఉంటే అంతకంటే ఎక్కువే గ్యాస్ ఉండాలి. 1.8 కోట్లు కూడా లేదంటే ఖాయంగా పోగొట్టుకుంది. అదే ఒక కోటి నక్షత్రాలున్నదైతే ఉండాల్సిన గ్యాసే రెండు మూడు కోట్లు, హద్దు 1.8 కోట్లు. ఇక్కడ "పోయింది" అని రాయలేరు, "చెప్పలేం" అని ఇంకో గడి పెట్టి అందులో వేయండి. ఆ గడి పెద్దగా ఉందని బాధపడకండి. నాకు విద్యార్థుల షీట్లలో మొదట కనబడాల్సింది ఆ గడే, అది లేని షీటుని నేను నమ్మను.

7. సమ ఉజ్జీలతో పోల్చడం

నక్షత్రాల బరువు లాగ్‌లో 7 నుంచి 7.5, 7.5 నుంచి 8, ఇలా గుంపులు చేయండి. ప్రతి గుంపులో వర్గోవి, ఒంటరివి వేరుచేసి నిష్పత్తి మధ్యగతం తీయండి. సగటు వద్దు, ఒకటి రెండు భారీ గ్యాస్ గెలాక్సీలు దాన్ని పైకి లాగేస్తాయి, పైగా పై హద్దులతో సగటు తీయడం కుదరదు. మధ్యగతానికైతే కనబడనివాటిని అడుగున పేర్చితే చాలు. సగానికి పైగా కనబడకపోతే "హద్దు కంటే తక్కువ" అని రాయండి, అది కూడా జవాబే. ఒంటరివాటిలో కూడా గ్యాస్ కనబడనివి ఉంటాయి, వాటిని స్లోన్ పట్టిక నుంచి ఇదే పద్ధతిలో తేవాలి. వర్గోకి ఒక రూలు, బయటకి ఇంకో రూలు పెట్టకూడదు.

పెద్ద స్పైరల్స్ కోసం చేసిన హైడ్రోజన్ కొరత సూత్రాలు నెట్‌లో దొరుకుతాయి. మరుగుజ్జులకి వాటిని వాడకపోవడమే మంచిది, మీ ఒంటరి గుంపే మీకు కొలబద్ద.

8. ఎవరు చేశారో తేల్చడం

గ్యాస్ పోయిందని తేలాకే ఇది. మూడు దారులున్నాయి.

కళ్లంలో వడ్లు తూర్పారబట్టడం చూసే ఉంటారు. గాలికి పొట్టు ఎగిరిపోతుంది, గింజ తిన్నగా కింద పడుతుంది. క్లస్టర్‌లోని వేడి గ్యాస్ ఎదురుగాలిలా కొట్టినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది: మరుగుజ్జు గ్యాస్ ఎగిరిపోతుంది, నక్షత్రాలు చెక్కుచెదరవు. గుర్తు: నక్షత్రాల ఆకారం బాగానే ఉంటుంది, ఒకవైపే తోక ఉంటుంది. ఐసీ 3418 ఇలాంటిదే, ఎమ్87కి ఒక డిగ్రీ దూరంలో. అతినీలలోహిత ఫోటోల్లో దాని వెనక తోక, తోకలో కొత్తగా పుట్టిన నక్షత్రాల ముద్దలు కనబడతాయి.

రెండోది పక్కనున్న పెద్ద గెలాక్సీ ఆకర్షణ లాగడం. అది గ్యాస్‌నీ నక్షత్రాల్నీ కలిపే లాగుతుంది, కాబట్టి నక్షత్రాల ఆకారం కూడా సాగి, వంకర తిరిగి ఉంటుంది. మూడోది పైనుంచి వాగు ఆగిపోయిన చెరువులాంటిది. బయటి నుంచి కొత్త గ్యాస్ రాదు, ఉన్నది నక్షత్రాలు పుట్టడానికి మెల్లగా ఖర్చైపోతుంది, తోకా ఉండదు, వంకరా ఉండదు. దీన్ని ఒక్క ఫోటో చూసి నిరూపించలేరు, ఇదే అని పట్టుబట్టకండి.

అరెసిబో మసక చూపుతో తోక దిశ తెలియదు. స్పష్టమైన బొమ్మ కావాలంటే మన పుణె దగ్గర నారాయణ్‌గావ్ ప్రాంతంలోని జీఎమ్ఆర్‌టీ లాంటి డిష్‌ల గుంపు డేటా చూడాలి. 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి, ఫిగ్స్ అనే పేరుతో అక్కడ మసక మరుగుజ్జుల మీద ప్రత్యేకంగా హైడ్రోజన్ సర్వే చేశారు.

9. జవాబుని పరీక్షించడం

వర్గో, ఒంటరి అన్న లేబుళ్లని షీటులో అడ్డదిడ్డంగా కలిపేసి తేడా మళ్లీ కట్టండి, అలా వెయ్యిసార్లు. మీకు వచ్చినంత తేడా అందులో యాభైసార్ల కంటే ఎక్కువ వస్తే మీ దగ్గర ఇంకా ఏమీ లేదు, ఇంకొన్ని గెలాక్సీలు చేర్చండి.

వర్గో చదునైన బల్ల కాదు. దాని వెనక 23 మెగాపార్సెక్‌ల దగ్గర ఒక గుంపు, 32 దగ్గర ఇంకో గుంపు ఉన్నాయి, ఆకాశంలో మాత్రం కలిసిపోయి కనబడతాయి. అనుమానం ఉన్నవాటికి 16.5 బదులు 23 పెట్టి బరువు గుంపులు మళ్లీ చేసి చూడండి, 6వ మెట్టు హద్దు కూడా దాదాపు రెట్టింపు అవుతుంది.

చివరగా, ఎమ్87 నుంచి కోణ దూరం అడ్డంగా, గ్యాస్ నిష్పత్తి నిలువుగా పెట్టి గ్రాఫ్ గీయండి. లోపలికి వచ్చేకొద్దీ గ్యాస్ తగ్గాలి, కానీ మధ్యలో కూడా గ్యాస్ నిండుగా ఉన్న చుక్కలు కొన్ని కనబడతాయి. వాటిని తప్పులని చెరిపేయకండి. కొన్ని క్లస్టర్ ముందో వెనకో ఉండి మధ్యలో ఉన్నట్టు కనబడేవి, కొన్ని ఇప్పుడిప్పుడే లోపలికి పడుతున్నవి. ఒక్కోదాని వేగం తేడా పక్కన రాసుకుని, ఫోటో తెరిచి, తోక ఏమైనా మొదలైందేమో చూడండి.